ఒంటి ఎక్స్ నెత్తిన ఒకటి

మా లెక్కల సారు పోయారు. ఆ కబురు నాకు రాయదుర్గం బస్సు కండక్టరు తెచ్చాడు. అతను చిన్నప్పుడు నాతో పాటు ఫోర్త్ ఫారంలో కూర్చున్నవాడే. బస్సును అనంతపురం స్టాండులో వదిలి, ఖాకీ చొక్కాతోనే నేను పాఠం చెప్పే ఆడపిల్లల బడికి నడిచి వచ్చి, కిటికీ బయట నిలబడ్డాడు.

"మన సారు పోయినాడమ్మా. నిన్న మధ్యాన్నం. అన్నం తిని, చెంబు కడిగి బోర్లించి, మంచమ్మీద పండుకున్యాడంట. మల్ల లేయలేదు."

చెంబు బోర్లించాడన్న మాట వినగానే ఆ మనిషి కళ్ల ముందుకు వచ్చేశారు. ఏ పనైనా అయిపోయిందనిపించుకున్నాకే పక్కకు జరిగేవారు. కండక్టరు బస్సుకు ఆలస్యమవుతుందని వెళ్లిపోయాడు. నేను మళ్లీ క్లాసులోకి వచ్చాను. బోర్డు మీద సగం చేసిన లెక్క ఉంది. ఘాతాంకాల లెక్కే. ఏడాదిలో చాలా రోజులు నేను చెప్పేది అదే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. అయినా సుద్దముక్క పట్టుకుని నిలబడ్డానే గానీ తర్వాతి వరుస రాయడానికి చెయ్యి రాలేదు.

మీలో ఎవరికీ ఆయన తెలిసి ఉండరు. రాయదుర్గం దారిలో, గుండ్రాళ్ల గుట్టల మధ్య పెంకుల కప్పు వేసిన ఒక హైస్కూలు ఉంది. నాలుగైదు పల్లెల పిల్లలు అక్కడికే నడిచి వచ్చేవాళ్లం. నేను చదివినప్పుడూ, నాకు ముందూ, నా తర్వాతా అక్కడ లెక్కలు చెప్పింది ఆయన ఒక్కరే. బక్కపలచని మనిషి. భుజాల మీద నిలవని నల్లకోటు. బెల్లు లేని సైకిలు. దారిలో ఎవరైనా అడ్డం వస్తే గట్టిగా దగ్గేవారు. ఊళ్లో గొర్రెలు కూడా ఆ దగ్గుకు పక్కకు తప్పుకునేవని మేం చెప్పుకునేవాళ్లం.

మా బోర్డు సంగతి చెప్పాలి. మా స్కూల్లో తాగడానికే నీళ్లు చాలవు, ఇక బోర్డుకు తడిగుడ్డ ఎక్కడిది? గోనెపట్టాతో పొడిగా తుడిచేవాళ్లం. పైగా కిటికీలోంచి గాలి ఎర్రమట్టి తెచ్చి పోసేది. అందుకని నిన్న రాసిన అంకెలు ఇవాళ కూడా సన్నగా కనిపిస్తూనే ఉండేవి. మామూలు లెక్కలకైతే ఇబ్బంది లేదు. ఘాతాంకాల దగ్గర వచ్చేది తంటా. అక్షరం నెత్తిన చిన్నగా రాసే అంకె అది. నిన్నటి రెండు ఇవాళ్టి ఎక్స్ నెత్తిన కూర్చుందంటే లెక్కంతా తలకిందులే. ఒకసారి ఈ కండక్టరే అలా చూసి రాసేశాడు.

"ఈ రెండు యాడిదప్పా?" అన్నారు సారు.

"బోర్డు మీద ఉండాది సార్."

"అది నిన్నటి రెండు. దాని పని నిన్ననే అయిపోయినాది. దాన్ని ఇంటికి పోనీ."

ఆ రోజు నుంచి సారుకు ఒక అలవాటైంది. ఎక్స్ రాయగానే దాని నెత్తిన ఉఫ్ మని ఒకసారి ఊది, ఆ తర్వాతే చిన్న అంకె వేసేవారు. మేం పలకల మీద కూడా ఊదుకుంటూ లెక్కలు చేసేవాళ్లం. పీరియడంతా ఎవరో పొయ్యి రాజేస్తున్నట్టు ఉండేది. నాకు ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. నా బోర్డును రోజూ తడిగుడ్డతో తుడుస్తారు, అద్దంలా ఉంటుంది. అయినా ఊదుతాను. మా ఆడపిల్లలు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటారు.

పుస్తకంలో ప్రతి లెక్కా "సూక్ష్మీకరించుము" అని మొదలయ్యేది. ఆ మాట నోరు తిరిగేసరికే మాకు సగం ఓపిక అయిపోయేది. సారు మాత్రం "ఏం లేదు, చెరిగి పెట్టమంటాండాడు" అనేవారు. చేటలో పోసి చెరిగితే పొట్టు పోయి గింజ మిగులుతుంది. లెక్క కూడా అంతేనట. పేజీ పొడుగునా ఉన్నది చెరగ్గా చెరగ్గా చివరికి దోసెడు మిగలాలి. ఎక్స్ స్క్వేరునూ ఎక్స్ క్యూబునూ కూడి ఎక్స్ ఘాతం అయిదు చేసేసే పిల్లలు ప్రతి ఏడూ ఉండేవాళ్లు. గుణించేటప్పుడు నెత్తిన ఉన్న అంకెలను కూడాలి గానీ, కూడేటప్పుడు వాటి జోలికి పోకూడదు. అది చెప్పడానికి ఆయన పుస్తకం తెరిచేవారు కాదు.

"మీ యమ్మ కొర్రల్లో నువ్వు జొన్నలు పోసినావనుకో. ఏమంటాది?"

"కొడతాది సార్."

"నేనూ అంతే. రెండూ గింజలే, రెండూ తినేటివే. అయినా కొర్రలు కొర్రలే, జొన్నలు జొన్నలే. ఇది స్క్వేరు, అది క్యూబు. పక్కపక్కన కూచోబెట్టు, కలిపెయ్యొద్దు."

కొడతానని ఊరికే అనేవారు. ఆయన ఎవరినీ కొట్టగా నేను చూడలేదు. తప్పు చేసిన పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ అంకె నీకు ఎట్లా వచ్చిందో నాకు చెప్పు" అని అడిగేవారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. "తప్పు కూడా ఏదో ఒక దోవన నడిచే వచ్చింటాది. ఆ దోవ చూపించు, కలిసి ఎనిక్కి పోదాం" అనేవారు. సరిగ్గా చేసిన లెక్కకు ఒక టిక్కు కొట్టి వదిలేసేవారు. తప్పు లెక్క దొరికితే మటుకు కోటు చేతులు పైకి మడిచి కూర్చునేవారు. ఆయనకు ఇష్టమైన పిల్లలం మేమే, తప్పుగా చేసేవాళ్లం.

అలాంటి సారుకు కూడా దోవ దొరకని తప్పు ఒకటి నా దగ్గర ఉండేది.

ఫోర్త్ ఫారం ఏడాది మా వైపు వానలు రాలేదు. వేసిన బుడ్డలు, అదే వేరుశనగ, భూమిలోనే మాడిపోయాయి. మా నాయనకు చదువు మీద కోపం లేదు. ఆయన కోపమంతా ఆకాశం మీద. ఆకాశాన్ని ఏమీ అనలేక ఇంట్లో చేతికందినదాని మీద చూపించేవాడు. మా ఊరి నుంచి హైస్కూలుకు పోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే. "పాసయినంత కాలం చదువు. ఒక్క తూరి తప్పినావా, ఇంటికాడ పని చూసుకో" అని మొదటే చెప్పాడు. నాకేమో చదువు మానడమంటే ఊపిరి ఆగినట్టే. ముఖ్యంగా లెక్కలు. ఆ చెరగడం, పొట్టంతా ఎగిరిపోయి చివరికి చిన్న జవాబు మిగలడం నాకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పినా నవ్వేవాళ్లు.

అంత ఇష్టమైన లెక్కల్లోనే అర్ధ సంవత్సరం పరీక్ష తప్పాను. తప్పులన్నీ ఒకే చోట. ఎక్స్ ను ఎక్స్ క్యూబుతో గుణించమంటే ఎక్స్ ఘాతం నాలుగు రావాలి. ఒంటిగా ఉన్న ఎక్స్ నెత్తిన ఏమీ రాయరు గానీ, అక్కడ ఒకటి ఉన్నట్టే లెక్క. ఆ ఒకటీ ఈ మూడూ కూడితే నాలుగు. నేను మాత్రం ప్రతిసారీ మూడే రాసేదాన్ని. పెద్ద పెద్ద ఘాతాంకాలు ఎన్ని ఉన్నా తడుముకోకుండా కూడేదాన్ని, ఒంటి ఎక్స్ కనిపిస్తే దాటిపోయేదాన్ని.

"ఈ మూడు ఎట్లా వచ్చిందమ్మా?" అని అడిగారు సారు.

"తెల్దు సార్."

"ఒంటిదాన్ని ఎందుకు వదిలిపెడతాండావు?"

"అది లెక్కలోకి రాదు కదా సార్."

"ఎవరు చెప్పినారు రాదని?"

ఎవరూ చెప్పలేదు. అట్లా అని నాకు ఎందుకు అనిపిస్తుందో నాకే తెలియలేదు. సారు అక్కడ ఒకటి రాసి చూపించేవారు. చూపించినప్పుడు సరిగ్గా చేసేదాన్ని. ఆయన బోర్డు మీంచి చెయ్యి తియ్యగానే మళ్లీ పాత పాటే. నాకంటే ఆయనే ఎక్కువ మథనపడ్డారు. సైకిలు ఎక్కబోయి ఆగి, "నీకు రాక కాదమ్మా, ఏదో అడ్డం పడతాండాది" అని వెళ్లిపోయేవారు.

మార్కులు ఇంటికి చేరాయి. నాయన అన్న మాట ప్రకారం నన్ను బడి మానిపించాడు. ఆ వారంలోనే, పండిన కాసిన్ని కొర్రలు కళ్లంలో నూర్చారు. నేను గోనె మూతి తెరిచి పట్టుకుని కూర్చున్నాను, నాయన కొలిచి పోస్తున్నాడు. మంచి ఏడాదైతే పెద్ద తూముతో కొలిచేవాడు. ఆ ఏడు మాత్రం ఇంట్లో వాడుకునే సేరుతోనే కొలిచాడు. అందులో కొలిచేంత పంటే వచ్చింది.

సరిగ్గా అప్పుడు కళ్లం అవతల దగ్గు వినిపించింది. సారు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను లేవబోయాను. నాయన కళ్లతోనే కూర్చోమన్నాడు. కొలిచేవాణ్ణి పలకరించకూడదని మా వైపు పట్టింపు. లెక్క నోట్లో ఉంటుంది, మాట కలిస్తే చెదిరిపోతుంది. అదీగాక సారు ఎందుకొచ్చారో నాయనకు తెలుసు. ఆయన్ని కాసేపు ఎండలో నిలబెట్టడం నాయనకేమీ కష్టం కాలేదు.

మా నాయన కొలత ఒక పాటలా ఉండేది. మొదటి సేరు ఎత్తి గోనెలో వంచుతూ "లాభం, లాభం, లాభం" అని సాగదీసేవాడు. ఆ తర్వాతిది "రెండు, రెండు, రెండు". ఆపైన "మూడు". మీ ఊళ్లలోనూ వినే ఉంటారు, కళ్లంలో మొదటి కొలతను ఎవరూ ఒకటి అనరు. సారు ఆ పాటంతా విన్నారు. మొదట చెమట తుడుచుకుంటూ ఊరికే విన్నారు. కొంచెంసేపటికి సైకిలు స్టాండు వేశారు. ముఖం మారిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుని, నాయన చేతిలోని సేరునే చూస్తూ నిలబడ్డారు.

కొలత అయిపోయింది. నాయన కండువాతో చేతులు దులుపుకున్నాడు. "ఏం సారూ, ఇంత దూరం వచ్చినారు? పాపను పంపమని అడిగేదానికైతే ఊరికే తిరుక్కుంటా వచ్చినట్టే."

"అది తర్వాత మాట్లాడదాం. ముందు ఒకటి చెప్పప్పా. మొదటి సేరు పోసినప్పుడు నువ్వు ఒకటి అనలేదే?"

"ఒకటి అని ఎవరన్నా అంటారా? లాభం అంటాము. మా నాయనా అంతే, వాళ్ల నాయనా అంతే."

"మరి ఆ సేరు లెక్కలోకి వచ్చిందా, రాలేదా?"

నాయన మొహం ఎర్రబడింది. "అంటే, నేను లెక్క తప్పినానంటాండారా? గోనె దిమ్మరించు పాపా. మల్ల కొలుస్తా. సారునే లెక్క పెట్టుకోమను."

"నువ్వు తప్పలేదప్పా, కూచో. నేనే ఇన్నాళ్లూ యాడేడో వెతికినా" అని, సారు నా వైపు తిరిగారు. "ఏమ్మా, మీ నాయన లాభం అన్న సేరు గోనెలో పడినాదా?"

"పడింది సార్."

"దాని తర్వాత ఏమన్నాడు?"

"రెండు."

"ఒకటి అననే లేదే, రెండు యాడనించి వచ్చినాది?"

"లాభమే ఒకటి సార్. నోటితో అనరు, అంతే."

ఆ మాట అంటుండగానే గోనె మూతి వదిలేశాను. సారు ఒక పుల్ల తీసుకుని కళ్లం అంచున మట్టిలో ఒంటి ఎక్స్ రాశారు. పక్కనే ఎక్స్ రాసి, దాని నెత్తిన అలవాటుగా ఊదారు. మట్టి ఎగిరి నాయన కాళ్ల మీద పడింది. అక్కడ మూడు వేశారు.

"ఇప్పుడు చెప్పు. ఈ ఒంటిదాని నెత్తిన ఏముండాది?"

"లాభం సార్."

సారు పుల్ల నా చేతికిచ్చారు. నేను ఎక్స్ రాసి నెత్తిన నాలుగు వేశాను. పుట్టినప్పటి నుంచీ మొదటిదానికి అంకె చెప్పకూడదని వింటూ పెరిగిన పిల్లను. అంకె చెప్పనిదాన్ని పేపరు మీద లెక్క పెట్టాలని నాకు తోచలేదు. నోటితో అనకపోయినా గోనెలో పడుతుందన్న సంగతి రోజూ చూస్తూనే మరిచిపోయాను. సారు తేలికపడి నవ్వారు. పోయిన ఎద్దు దొరికినవాడి నవ్వు అది.

నాయన వంగి ఆ గీతలను చాలాసేపు చూశాడు. "ఇదేనా దానికి రానిది?"

"ఇదే."

"ఇంతేనా?"

"ఇంతే. నీ బిడ్డ తెలివితక్కువది కాదప్పా. నీ దగ్గర నేర్చుకున్యాది, సగం నేర్చుకున్యాది."

నాయన సేరును తిరగేసి, అడుగున అంటుకున్న గింజలను తట్టి గోనెలో వేశాడు. ఆకాశం వైపు ఒకసారి చూసి, "పెద్ద పరీక్ష ఎప్పుడు?" అన్నాడు.

"ఎండలు ముదిరినాక."

"పంపుతా. ఈ ఒక్క తూరి. మల్ల తప్పిందా, మీరు మా కళ్లం తొక్కొద్దు సారూ."

"తప్పితే ఆ యమ్మి బదులు నేనే వచ్చి గోనె మూతి పట్టుకుంటా" అన్నారు సారు.

ఆయనకు ఆ పని పడలేదు. పాసయ్యాను. ఆ మాట చెప్పినప్పుడు నాయన "ఊ" అన్నాడు, అంతే. మర్నాడు పొద్దున మాత్రం కొత్త కండువాలో కొర్రలు మూటగట్టి, తనే మోసుకుపోయి సారు ఇంటి అరుగు మీద పెట్టి వచ్చాడు. సారు వద్దంటే వినలేదట. ఇక మా క్లాసులో అందరికీ ఒంటి ఎక్స్ నెత్తిన లాభమే. ఎక్స్ ఇంటూ ఎక్స్ స్క్వేరు అంటే "లాభం, రెండు, మూడు" అని అరిచేవాళ్లు. ఇన్స్పెక్టరు వచ్చిన రోజు కూడా అరిచారు. ఇదేం లెక్కని ఆయన అడిగితే, "మా ఊరి లెక్క సార్" అని సారు నెమ్మదిగా చెప్పారు.

ఆ తర్వాత నాయనా సారూ స్నేహితులయ్యారు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. సారు మా ఊరి మీదుగా పోతూ దగ్గితే నాయన వాకిట్లోకి వచ్చేవాడు. "ఏమప్పా, ఈ ఏడు ఎట్లుండాది?" అని సారు అడిగితే, "లాభం దగ్గరే నిలబడిపోయినాది సారూ, రెండుదాకా పోలే" అనేవాడు. కరువు ఏళ్లలో ఆ మాటకు ఇద్దరూ నవ్వేవాళ్లు. ఏడాదికొకసారి కొర్రల మూట మాత్రం ఆగలేదు. మూట చిన్నదవుతూ పెద్దదవుతూ ఉండేది.

నేను పై చదువుకు పోతానన్నప్పుడు మా బంధువులందరూ అడ్డం చెప్పారు. నాయన ఎవరితోనూ వాదించలేదు. "సారును అడిగినా. పొమ్మన్యాడు" అన్నాడు. ట్రైనింగు అయ్యాక నాకు అనంతపురంలో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్తే, సారు అభినందించడం మరిచిపోయి, "నీ బోర్డుకు తడిగుడ్డ ఇస్తారా?" అని అడిగారు. ఇస్తారని చెప్పాను. "అయితే బాగుపడినావు" అన్నారు. ఆ మధ్య కలిసినప్పుడు ఆయనకు చూపు మందగించి, నేను ఎవరో గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. గుర్తుపట్టగానే, "ఇప్పుడు నీ దగ్గర తప్పులు చేసేవాళ్లు ఎట్లాంటివాళ్లు ఉండారు?" అని ఆశగా అడిగారు. రెండు మూడు మంచి తప్పులు చెప్పాను. ఆయన చిన్నపిల్లాడిలా వింటూ కూర్చున్నారు. ఆ రోజు ఇంకాసేపు ఉండి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆయన ఆ రోజు ఎండలో సైకిలు తొక్కుకుంటూ రాకపోయి ఉంటే నేను ఇవాళ బోర్డు దగ్గర ఉండేదాన్ని కాదు. ఊళ్లోనే ఎక్కడో గోనె మూతి పట్టుకుని ఉండేదాన్ని. అది చిన్న పని అని నేననను, మా అమ్మ బతుకంతా అదే చేసింది. కానీ నాకు ఇష్టమైన పని ఇది. అది నాకు దక్కింది ఆయన వల్ల. ఆ సంగతి ఆయనకు నేను ఎప్పుడూ నోటితో చెప్పలేదు. తెలిసే ఉంటుందని నా నమ్మకం.

కబురు తెలిసిన మర్నాడే మొదటి బస్సుకు మా ఊరు వెళ్లాను. నాయనకు అప్పటికే తెలిసింది. ఇంట్లో గాదె పక్కన గొంతుక్కూర్చుని కొర్రలు తోడి పోసుకుంటున్నాడు. ముసలివాడయ్యాడు. నన్ను చూసి, "దినాలకు నలుగురూ వస్తారు. ఆ యమ్మ ఒక్కతే ఎట్లా సూసుకుంటాది? మన కొర్రలు తీసకపోదాం" అన్నాడు. సారు భార్య సంగతి ఆయన అంటున్నది. మూలనున్న గోనె తెచ్చి, మూతి తెరిచి నా వైపు చాపాడు. నేను ఎదురుగా కూర్చుని పట్టుకున్నాను.

మా నాయన కొలవడం నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. ఇంట్లోకి కొలిచినా, ఇంకొకరికి కొలిచినా, గంపెడు కూడా పండని ఏడాదైనా, ఆ మొదటి మాట లేకుండా సేరు వంచింది లేదు. ఆ రోజు సేరు నింపి, పైన చేత్తో రాసి చదును చేసి, గోనె మీదికి ఎత్తి పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. కొంచెంసేపు అట్లాగే ఉండి, ఏమీ అనకుండానే వంచాడు. కొర్రలు జారిన చప్పుడు మాత్రం వినిపించింది.

ఇంకో సేరు ముంచాడు.

"రెండు" అన్నాడు.